సోమవారం షిఫ్ట్: ఉద్దానం డయాలిసిస్ గదిలో

హోస్ట్: నమస్కారం అండీ. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలిసిస్ చేసే సిస్టర్ గారు ఈరోజు మనతో ఉన్నారు. సిస్టర్, మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లు?

సిస్టర్: ఎక్కువమంది రైతులు, కూలీలండీ. కవిటి, సోంపేట, కంచిలి వైపు వాళ్లు. మామూలుగా కిడ్నీ పాడైందంటే షుగరో బీపీయో ఉందనుకుంటాం. వీళ్లలో చాలామందికి ఆ రెండూ ఉండవు. మొదట్లో కాళ్లవాపులూ పెద్దగా కనిపించవు. అందుకే రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, బాగా పెరిగాక గానీ తెలియదు.

హోస్ట్: ఈ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు కదా?

సిస్టర్: తేలలేదండీ. నీళ్లు, ఎండలో పని, పురుగుమందులు, అన్నింటినీ అనుమానించారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. అది మాకు పెద్ద ఊరట.

హోస్ట్: డయాలిసిస్ మొదలయ్యాక ఎవరు బాగుంటారు, ఎవరు ఇబ్బంది పడతారు?

సిస్టర్: చాలావరకు మొదలుపెట్టిన తీరు మీదే ఉంటుంది. ముందే చేతికి ఫిస్టులా ఆపరేషన్, అంటే డయాలిసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో ధమనిని సిరతో కలిపే ఆపరేషన్, చేయించుకుంటే నయం. అది పనికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆయాసంతో అర్ధరాత్రి వస్తే మెడలో పైపు వేయక తప్పదు. దాంతో ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. చలిజ్వరం వచ్చిందంటే నాకు టెన్షనే.

హోస్ట్: వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. అందరూ వస్తారా?

సిస్టర్: రాలేరండీ. డయాలిసిస్ ఉచితమే, పెన్షన్ నెలకు 10,000 వస్తుంది. కానీ తోడు వచ్చే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. అందుకని రెండుసార్లతో సరిపెట్టుకుంటారు. అప్పుడు నీరు, పొటాషియం ఒంట్లో నిలిచిపోతాయి. డయాలిసిస్ వాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండె జబ్బే. శుక్రవారం చేయించుకుని మళ్లీ సోమవారం వచ్చేవాళ్లకు ఆ మధ్య రెండు రోజులే గండం. మూడు, నాలుగు కిలోల నీటితో వస్తారు. అదంతా ఒకేసారి లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి.

హోస్ట్: తిండి సంగతి?

సిస్టర్: అదే నాకు బాధ. ఉద్దానమంటేనే కొబ్బరి తోటలు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, వీళ్లు తాగకూడదు. జీవితమంతా చెట్లెక్కి కాయలు దింపిన ఒకాయన "ఒక్క గుక్క తాగనా అమ్మా" అని అడుగుతారు. వద్దని చెప్పాలంటే నోరు రాదు. అయినా చెప్తాను. పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు.

హోస్ట్: వినేవాళ్ల ఇళ్లలో డయాలిసిస్ పేషెంట్ ఉంటే ఏం గమనించుకోవాలి?

సిస్టర్: ఫిస్టులా మీద రోజూ వేలు పెట్టి చూడండి. సన్నగా అదురుతూ ఉండాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు. అదురు ఆగిందా, ఫిస్టులా మూసుకుపోయి ఉండొచ్చు, సోమవారం దాకా ఆగకుండా వెంటనే బయల్దేరి రండి. ఆలస్యమైతే దాన్ని తెరవడం కష్టమవుతుంది.