మైదానం నిండా పోటీదారులే

శ్రోతలందరికీ నమస్కారం.

టీవీ క్విజ్ అనగానే మనకు హాట్ సీటు గుర్తొస్తుంది. ఎదురుగా కంప్యూటర్, చుట్టూ చప్పట్లు కొట్టే జనం. 'మీలో ఎవరు కోటీశ్వరుడు'లో ఆ జనానికి దక్కిన పని ఆడియన్స్ పోల్‌లో ఒక మీట నొక్కడం. అంతే. వచ్చిన జనమంతా పోటీదారులే అయిన క్విజ్ ఒకటి జపాన్‌లో జరిగేది. నాకు చాలా ఇష్టమైన సంగతి అది.

పేరు 'అమెరికా ఓదాన్ అల్ట్రా క్విజ్', అంటే పోటీ పడుతూ అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరకు, న్యూయార్క్ దాకా దాటే క్విజ్. నిప్పాన్ టీవీ 1977లో మొదలుపెట్టి 1992 దాకా నడిపింది, 1998లో మరోసారి చేసింది. మొదటిసారి టోక్యోలోని కొరాకుయెన్ బేస్‌బాల్ మైదానానికి వచ్చినవాళ్లు 400 పైచిలుకు. 1990 తర్వాత టోక్యో డోమ్‌లో ఆ సంఖ్య 20,000 దాటింది.

"న్యూయార్క్ వెళ్లాలని ఉందా?" అని వ్యాఖ్యాత ఫుకుతోమె నోరియో మైకులో కేక పెడితే, జనం పిడికిళ్లు పైకెత్తి హోరెత్తించేవారు. మొదటి ప్రశ్న ఆనవాయితీగా స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ మీదే. జవాబు అవును లేదా కాదు. అవునంటే మైదానంలో ఒక పక్కకు, కాదంటే రెండో పక్కకు పరుగెత్తాలి. పెన్నూ కాగితమూ ఏమీ లేవు, నిలబడిన చోటే జవాబు. కూడా వచ్చిన స్నేహితుడు అటు పరుగెడుతుంటే ఇటే ఉండిపోవడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి! ప్రతి ప్రశ్నకూ సగం మంది పోతారనుకుంటే, ఎనిమిది ప్రశ్నల్లో 20,000 మంది కాస్తా వంద లోపుకు వచ్చేస్తారు. ఇంత పెద్ద గుంపును ఇంత సూటిగా, అందరి కళ్ల ముందే వడపోసే పద్ధతి మరొకటి నేను చూడలేదు.

"తెలివి, ఒంటి బలం, ఆ వేళకు కలిసొచ్చే అదృష్టం" అన్నది ఆ కార్యక్రమం నినాదం. మైదానంలో గెలిచినవాళ్లు పెట్టే బేడా సర్దుకుని నరిటా విమానాశ్రయానికి వస్తే, అక్కడ ఆడించేది రాయి, కాగితం, కత్తెర ఆట. ఓడినవాళ్లు అటునుంచి అటే ఇంటికి. విమానం ఎక్కినవాళ్లకు గాల్లోనే 400 ప్రశ్నల రాతపరీక్ష. దారిలో పసిఫిక్ సముద్రంలోని అమెరికా దీవి గ్వామ్‌లో దిగేటప్పుడు మార్కులు చాలనివాళ్లకు బజర్ మోగేది, వాళ్లకు తిరుగు ప్రయాణమే. అక్కడ నేల మీద కాలు పెట్టినవాళ్లకు బురద పరీక్ష. అవును, కాదు అని రాసిన రెండు తెరల్లో ఒకదాన్ని చీల్చుకుని దూకాలి. తప్పు తెర వెనక బురదగుంట!

అమెరికాలో ఇంకో ఆట. హెలికాప్టర్ నుంచి కవర్లు వెదజల్లుతారు. పరుగెత్తి ఒకటి ఏరుకుని రొప్పుతూ తెస్తే, వ్యాఖ్యాత విప్పి చూస్తాడు. కొన్నిట్లో ప్రశ్నే ఉండదు. మళ్లీ పరుగెత్తాల్సిందే. అలా ఊరూరా ఒకరొకరే రాలిపోగా, చివరికి న్యూయార్క్‌లో మిగిలేది ఇద్దరు.

ఓడినవాళ్లకు శిక్ష పేరుతో చేయించే పనులు కొన్ని నాకు నచ్చవు, అలసిపోయిన మనిషిని మరీ అంత ఇబ్బంది పెట్టకూడదు. కానీ ఓడినవాళ్ల మొహాన్నీ మాటనూ కూడా గెలిచినవాళ్లతో సమానంగా చూపించారు. విదేశీ ప్రయాణం మామూలు ఉద్యోగికి కలగా ఉన్న రోజులవి. ఆ కల కోసమే అంతమంది వచ్చారని నా నమ్మకం. ఎందుకంటే బహుమతులు చూసి వచ్చే పని కాదది. మొదటి విజేతకు ఇచ్చింది నెవాడా ఎడారిలో నేల!

దీని ఒరవడిలోనే 1983లో హైస్కూలు పిల్లలకు జట్ల పోటీ మొదలుపెట్టారు. మన చానళ్లు చేయాల్సింది ఇదే. మన ఊళ్లలో ఈఏపీసెట్‌కూ గ్రూప్స్‌కూ కుస్తీ పడుతున్న పిల్లలు లక్షల్లో ఉన్నారు. హైదరాబాద్ ఎల్.బి. స్టేడియంలోనో విజయవాడ ఇందిరా గాంధీ స్టేడియంలోనో మధ్యలో సున్నం గీత ఒకటి గీసి, అవును, కాదు అని రెండు బోర్డులు పెట్టి, ఒక ఆదివారం పొద్దున్నే గేట్లు తెరవండి. ప్రశ్నలు తెలుగులో అడగండి. టికెట్టు పెట్టకండి.