కోటలో చర్చి, చర్చిలో పద్దులు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, నేను చరిత్ర ప్రొఫెసర్ని కాను, పాత రిజిస్టర్లంటే కాస్త పిచ్చి ఉన్న మనిషిని, అంతే. అందుకని ఇవాళ సెయింట్ మేరీస్ చర్చి భవనం గురించి తక్కువ, అక్కడి పద్దు పుస్తకాల గురించి ఎక్కువ మాట్లాడతాను, విసుగొస్తే మొహమాటం లేకుండా చెయ్యెత్తండి.

చెన్నపట్నంలో సెయింట్ జార్జి కోట మనందరికీ తెలిసిందే. ఇప్పుడు తమిళనాడు సచివాలయం, అసెంబ్లీ అక్కడే ఉన్నాయి. 1953 దాకా మన ఆంధ్ర జిల్లాల పాలన నడిచిందీ అక్కడి నుంచే కాబట్టి అది పూర్తిగా పరాయి ఊరని నాకెప్పుడూ అనిపించదు. గేటు దగ్గర బ్యాగు తనిఖీ చేయించుకుని లోపలికెళ్తే, ఫైళ్ళు పట్టుకుని నడిచే ఉద్యోగుల మధ్యలో తెల్లగా, గుర్రుగా నిలబడి ఉంటుంది సెయింట్ మేరీస్ చర్చి. సూయజ్‌కి ఇవతల ఆంగ్లికన్ చర్చిల్లో ఇదే పాతదంటారు. ఆంగ్లికన్ అంటే ఇంగ్లాండు రాజు పెద్దగా ఉండే చర్చి. 1947 సెప్టెంబరు 27న ఇక్కడి ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి మనం సి.ఎస్.ఐ. అని పిలిచే సంఘం అయ్యారు, ఈ చర్చి కూడా అందులోకే వచ్చింది.

దీన్ని కట్టడం మొదలుపెట్టింది 1678 మార్చి 25న. ఆ తేదీ ఊరికే పడలేదు. అది మరియమ్మకు దేవదూత కబురు చెప్పిన పండగ రోజు, చర్చికి ఆమె పేరు పెట్టింది అందుకే. ఇంకో సంగతేమిటంటే అప్పటి ఇంగ్లీషు వాళ్ళకి కొత్త సంవత్సరం జనవరి 1న కాదు, మార్చి 25న మొదలయ్యేది, అంటే మన లెక్కలో చెప్పాలంటే ఉగాది రోజున శంకుస్థాపన చేశారన్నమాట. గవర్నరు స్ట్రేన్‌షామ్ మాస్టర్ తన వంతు 100 వరహాలు ఇచ్చి చందాలు పోగుచేశాడు, ఈస్టిండియా కంపెనీ వాళ్ళు పైసా ఇచ్చే రకం కాదు కదా. 1680 అక్టోబరు 28న తుపాకులు, ఫిరంగులు పేల్చి మరీ ప్రతిష్ఠ చేశారు. గోడలు నాలుగడుగుల మందం, కప్పు రెండడుగుల మందం, అదీ కమాను కట్టు, ఎందుకంటే గుండు పడినా తట్టుకోవాలి. గుడి కట్టమంటే బంకరు కట్టారని నేను సరదాగా అంటుంటాను గానీ, తర్వాత ముట్టడుల్లో అదే పనికొచ్చింది.

చుట్టూ ఆవరణలో నేలంతా పరిచి ఉన్నవి సమాధి రాళ్ళు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను కాలు ఎక్కడ పెట్టాలో తెలియక చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. వాటిలో ఎలిజబెత్ బేకర్ రాయి 1652 నాటిది. చర్చి ప్రతిష్ఠ 1680లో అయితే రాయి దానికి 28 ఏళ్ళ ముందుది ఎలా ఉంది? ఎలాగంటే ఆ రాళ్ళ కింద ఎవరూ లేరు. పాత శ్మశానం కోట బయట, ఇప్పుడు హైకోర్టు పక్కన లా కాలేజీ ఉన్న చోట ఉండేది. 1758 చివర్లో ఫ్రెంచి సేనాని లాలీ ముట్టడికి వచ్చినప్పుడు వాళ్ళ సైనికులు ఆ పెద్ద పెద్ద సమాధుల చాటున నక్కి కాల్పులు జరిపారు. ముట్టడి తప్పిపోయాక ఇంగ్లీషు వాళ్ళు, ఇంకోసారి ఈ గొడవ వద్దని, సమాధులు పడగొట్టి రాళ్ళు తెచ్చి ఇక్కడ పరిచారు. లాటిన్ రాతలున్నవి, పోర్చుగీసు, ఆర్మేనియన్ రాతలున్నవి, అన్నీ కలిసి వచ్చేశాయి. హైదర్ అలీ భయం పట్టుకున్నప్పుడు వీటి మీదే ఫిరంగులు ఎక్కించారు, కొన్ని పగిలాయి. లోపల బలిపీఠం దగ్గర ఉన్న చివరి రాత్రి భోజనం బొమ్మ కూడా పాండిచ్చేరి నుంచి పట్టుకొచ్చిందే అంటారు.

ఇలా చూస్తే ఆ చర్చిలో రాయి ఉన్న చోట మనిషి లేడు, మనిషి ఉన్న చోట పేరు లేదు. 1777లో సొంత కౌన్సిలు వాళ్ళ నిర్బంధంలోనే చనిపోయిన గవర్నరు పిగట్‌ది అని చూపించే రాయి మీద, జ్ఞాపకార్థం అని రెండు లాటిన్ ముక్కలు తప్ప ఏమీ ఉండవు. అందుకే నేను పద్దుల వైపు పోతాను.

పద్దులు మూడు రకాలు: బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు. పాదిరి కంపెనీ జీతగాడే, కాబట్టి ఈ రాత భక్తితో పాటు ఆఫీసు పని కూడా. వీటి నకళ్ళు ఓడల్లో లండన్‌కి వెళ్ళేవి. ఆ నకళ్ళు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, తాతల ముత్తాతల కోసం వెతుక్కునే వాళ్ళు వాటినే తిరగేస్తుంటారు. మొట్టమొదటి పెళ్ళి 1680 నవంబరు 4న, ప్రతిష్ఠ అయిన వారానికే: ఎలైహు యేల్, కేథరిన్ హిన్మర్స్. అవును, అమెరికాలో యూనివర్సిటీకి పేరిచ్చిన యేలే, అప్పటికింకా మామూలు ఉద్యోగి. ఆమె మొదటి భర్త జోసెఫ్ హిన్మర్స్ పోయింది కూడా ఆ ఏడాదే. తర్వాత వాళ్ళకి పుట్టిన డేవిడ్ అనే పిల్లాడు పసితనంలోనే పోతే, తల్లి మొదటి భర్త సమాధిలోనే పెట్టారు. పాత శ్మశానంలో కూల్చకుండా వదిలేసిన ఒకటి రెండు కట్టడాల్లో అదొకటి. పిల్లాడు పోయిన తేదీ 1688 జనవరి 25, కానీ సంవత్సరం మార్చి 25న మొదలయ్యే పాత లెక్కలో అది ఇంకా 1687. కొత్తగా వెతికేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డాను, ఒక పిల్లాడు తల్లిదండ్రుల పెళ్ళికి ముందే పుట్టాడని రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని, చివరికి తప్పు నాదని తెలిసి సిగ్గుపడ్డాను. 1752కి ముందు జనవరి, ఫిబ్రవరి, మార్చి తేదీలు కనిపిస్తే ఆగి రెండోసారి లెక్క వేసుకోండి.

కలకత్తా నగరానికి పునాది వేశాడని చెప్పుకునే జాబ్ చార్నాక్ ముగ్గురు కూతుళ్ళకి బాప్తిస్మం జరిగింది కూడా ఇక్కడే, 1689లో. 1753 ఫిబ్రవరి 18న రాబర్ట్ క్లైవ్, మార్గరెట్ మాస్కెలిన్ పెళ్ళి. ఈ పెళ్ళి చేయించింది ఇంగ్లీషు పాదిరి కాదు, ఫబ్రీషియస్ అనే జర్మన్ లూథరన్ మిషనరీ, తమిళ బైబిల్ అనువాదానికి పేరుపొందినాయన. ఆయనకి ముందు మదరాసు మిషన్ నడిపిన షుల్జ్ మన తెలుగుకి వ్యాకరణం రాశాడు, ఆ కథ చెప్తే ఇంకో సాయంత్రం కావాలి.

మనకి బాగా దగ్గరి పేరు థామస్ మన్రో. దత్తమండలాలకి కలెక్టరుగా తిరిగి రైతుతో నేరుగా పన్ను మాట్లాడుకునే పద్ధతి పెట్టినవాడు, రాయలసీమలో పిల్లలకి మండ్రోలయ్య అని పేరు పెట్టుకునేంత మంచివాడనిపించుకున్నాడు. మంత్రాలయం రాఘవేంద్రస్వామి కథలో వచ్చేది కూడా ఈయనే. గవర్నరు పదవి వదిలి స్వదేశం వెళ్ళబోతూ, చివరిసారి ఆ జిల్లాలు చూసి వస్తానని బయల్దేరి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో సమాధి చేశారు. 1831లో అస్థికలు తవ్వి తెచ్చి ఈ చర్చిలో పెట్టారు. అంటే ఈయన కూడా కదిలినవాడే. గుత్తి వాళ్ళనడిగితే ఇప్పటికీ మా మన్రో అంటారు, మదరాసు వాళ్ళ దగ్గర ఎముకలున్నాయి.

ఇక ఈ పద్దుల్లో ఎప్పటికీ దొరకని మనిషి ఒకాయన ఉన్నాడు. చర్చి ప్రతిష్ఠ అయిన 1680లోనే, మార్చిలో, కంపెనీకి బట్టలు సరఫరా చేసే పెద్ద వ్యాపారి కాశీ వీరన్న చనిపోయాడు. మనవాడే, అప్పటి ఇంగ్లీషు వాళ్ళు తెలుగువాళ్ళని జెంటూలు అనేవారు. ఈ ఊరి బట్టల వ్యాపారం ఆయన చేతి మీద నడిచింది. ఆయన భార్య సహగమనం చేస్తానంటే మాస్టర్ ఒప్పుకోలేదు. చర్చికి చందా పోగుచేసిన ఆ మాస్టరే. వీరన్న పేరు చర్చి పుస్తకంలో ఉండదు, ఎందుకుంటుంది, అక్కడ బాప్తిస్మం పొందలేదు, పెళ్ళి చేసుకోలేదు, అక్కడ పూడ్చలేదు. చర్చి రిజిస్టరు చూసి అప్పటి మదరాసు ఇదేననుకుంటే ఊరిలో సగం కంటే ఎక్కువ మంది మాయమైపోతారు. ఆయన కోసం కంపెనీ కౌన్సిలు మీటింగుల పుస్తకాలు తిరగేయాలి. అక్కడ కూడా వీరన్న అని వెతక్కండి, దొరకడు, కాసా వెరోనా అని ఏదో ఇటలీ ఊరి పేరులా రాసి ఉంటుంది.