వారానికి ఒక్కసారే

శ్రోతలందరికీ నమస్కారం. నాకు 11 ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. కీళ్లవాతం అంటుంటాం కదా, అదే. వయసు మీదపడి మోకాళ్లు అరిగితే వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారితప్పి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

పొద్దున లేచాక గంటకు పైగా చేతులు నా మాట వినవు. సీసా మూత తిప్పబోతే మూత కదలదు, బొటనవేలి మొదట్లో సలుపు మాత్రం మొదలవుతుంది.

మొదటి రెండేళ్లూ నేను చేసిందల్లా ఎదురుచూడటమే. తగ్గాక కుట్టుమిషన్ తీద్దాం, తగ్గాక ఊళ్లు తిరుగుదాం, తగ్గాక అందరినీ కలుద్దాం. పూర్తిగా నయం చేస్తామన్న ప్రతి ప్రకటనా నాకోసమే వేసినట్టుండేది. అలా ఒకదాన్ని నమ్మి డాక్టరు రాసిన మందులు ఆరు నెలలు మానేశాను. కుడి మణికట్టు బిగుసుకుపోయింది, ఇప్పటికీ సగమే వంగుతుంది. దాచకుండా ఎందుకు చెబుతున్నానంటే, వింటున్నవాళ్లలో ఎవరో ఒకరు ఈ వారమే మందు ఆపేద్దామనుకుంటూ ఉండొచ్చు. డాక్టర్ని అడగకుండా ఆపకండి, దయచేసి.

జబ్బు నాతోనే ఉంటుందని ఒప్పుకున్నది ఒక మధ్యాహ్నం, బీరువా ముందు. గుండీలున్న బట్టలన్నీ తీసి పక్కన పెట్టాను, ఇచ్చేయడానికి. చాలాసేపు ఏడ్చాను. మర్నాటి నుంచి మాత్రం తయారవడానికి ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. అంతకుముందు గుండీలతో కుస్తీపట్టే ఓపికంతా ఇప్పుడు నా చేతిలో ఉంది, దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలన్నది నా ఇష్టం.

ఒకసారి రక్తపరీక్షకు కూర్చున్న బెంచీ మీదే, నా పక్కన, పాతికేళ్లు కూడా లేని అమ్మాయి కొత్త మందుల చీటీ పట్టుకుని ఉంది. "అక్కా, ఈ మెథోట్రెక్సేట్ రోజూ రాత్రి వేసుకోవాలి కదా?" అంది. నాకు గుండె గుభేల్మంది. కీళ్లవాతానికి ఆ మందు వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నా మాట మీద వదిలేయకుండా తనను వెంటబెట్టుకుని మళ్లీ డాక్టరు గది దగ్గరికి వెళ్లాను. వారానికి ఒకసారేనని ఆయన చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత గీసి ఇచ్చారు.

బయటికొచ్చాక తను అడిగింది, "ఎప్పటికి తగ్గుతుందక్కా?" అని. మందు పని చేయడానికి 6 నుంచి 12 వారాలు పడుతుందని, అప్పటిదాకా ఏమీ మారలేదని టెన్షన్ పడొద్దని చెప్పాను. మొత్తం పోతుందని మాత్రం అనలేదు. నాకు ఆ మాట చెప్పినవాళ్ల వల్లే ఆరు నెలలు పోయాయి.

ఆ తర్వాత ఇంకొందరు ఫోన్ చేయడం మొదలుపెట్టారు. నాకు తెలిసింది చెబుతాను, డోసుల జోలికి పోను. ఎక్కువగా వింటాను, ఎందుకంటే ఇంట్లోవాళ్లకు రోజూ నొప్పి గురించి చెప్పలేక మింగేసినదే వాళ్ల దగ్గర చాలా ఉంటుంది. కీళ్లు వాచిన రోజుల్లో ఫోన్ ఎత్తను, అందుకు ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్లకూ అలాంటి రోజులున్నాయి కదా.

ఆ అమ్మాయిదీ నాదీ ఆదివారం రాత్రి మాత్రే. "వేసుకున్నావా?" అని ప్రతి ఆదివారం నేను మెసేజ్ పెడతాను. పోయిన వారం నేనే మరిచిపోయి పడుకుంటుంటే, తన దగ్గర్నుంచి వచ్చింది: "అక్కా, వేసుకున్నారా?"