మూకీ కామెడీల్లో కెమెరా: స్టూడియో చర్చ

యాంకర్: మూకీ కామెడీ అంటే గబగబా పరుగులు, కింద పడటాలు, అంతేగా అంటారు చాలామంది. మేడమ్, మీరేమంటారు?

సినిమా అధ్యాపకురాలు: అస్సలు ఒప్పుకోనండి. 1895లో ఫ్రాన్స్‌లో సినిమా తొలి రోజుల్లో లూమియేర్ సోదరులు తీసిన తోటమాలి సినిమానే చూడండి, నిమిషం కూడా ఉండదు. తోటమాలి నీళ్లు పెడుతుంటే ఓ కుర్రాడు వెనక నుంచి పైపు తొక్కిపెడతాడు, నీళ్లేవీ అని ఆయన పైపు మూతి ముఖం దగ్గర పెట్టుకుని చూడగానే కాలు తీసేస్తాడు. ఇక్కడిదాకా అందరికీ గుర్తే. తర్వాత కుర్రాడు పారిపోతాడు, తోటమాలి వాణ్ని పట్టుకుని, దొరికిన చోటే తగిలించకుండా కెమెరా ముందుకి లాక్కొచ్చి మరీ కొడతాడు! కెమెరా కదలదు కదా, దెబ్బలు మనకి కనబడాలి.

ఎడిటర్: అంటే కట్ లేదు కాబట్టి నటుడే సీన్‌ని మన దగ్గరికి తెచ్చాడన్నమాట.

అధ్యాపకురాలు: అదే నేననేది. కెమెరా ఉందన్న సంగతి మొదటి నుంచీ కామెడీలో భాగమే. 1914 ఫిబ్రవరిలో వచ్చిన 'కిడ్ ఆటో రేసెస్ ఎట్ వెనిస్'లో చాప్లిన్ ఆ విషయాన్నే కథ చేసేశాడు. కాలిఫోర్నియాలోని వెనిస్‌లో పిల్లల బుల్లి కార్ల పందెం నిజంగానే జరుగుతోంది, చాప్లిన్ పనిచేస్తున్న కీస్టోన్ సినిమా కంపెనీ షూటింగ్‌కి అక్కడికి వెళ్లింది. చాప్లిన్ మాటిమాటికీ కెమెరాకి అడ్డం వస్తాడు, దర్శకుడు హెన్రీ లేర్మన్ తెర మీద కూడా దర్శకుడిగానే కనిపించి తోసేస్తుంటాడు. ఆ టోపీ, చేతికర్ర వేషం జనం తెర మీద చూసింది అదే మొదటిసారి. వెనక ఉన్న ప్రేక్షకులు నిజం మనుషులు, ఎవరో తెలీకుండానే అతన్ని చూస్తుంటారు, నాకు ఆ ముఖాలు చూడటమే ఎక్కువ ఇష్టం.

యాంకర్: మరి ఆ స్పీడు సంగతేంటి సర్?

ఎడిటర్: అప్పట్లో కెమెరా హ్యాండిల్ చేత్తో తిప్పేవారు, వేగం సెకనుకి 16 ఫ్రేములకి, అంటే 16 బొమ్మలకి, అటూ ఇటూగా ఉండేది. ఆ ప్రింటునే తర్వాత 24 ఫ్రేముల లెక్కన వేసేసరికి మనుషులు చీమల్లా పరిగెడతారు.

అధ్యాపకురాలు: కానీ తెర మీద వేగంగా కనబడాలని, కామెడీ కోసం కావాలనే హ్యాండిల్ నెమ్మదిగా తిప్పి తక్కువ ఫ్రేములు తీసిన సీన్లూ ఉన్నాయి కదండీ.

ఎడిటర్: ఉన్నాయి, కాదనను. అందుకే సరైన వేగంతో రిస్టోర్ చేసిన ప్రింట్లు చూడాలి. అప్పుడే చాప్లిన్ తోపు తిని లేచి, ఏమీ జరగనట్టు మళ్లీ లెన్సు ముందుకి వచ్చి నిలబడే తీరు పూర్తిగా అందుతుంది.