గుడిసె పన్ను కట్టింది వీళ్లు, రైలు వేసింది పక్క దేశంలో: న్యాసాలాండ్ బడ్జెట్ కథ

అందరికీ నమస్కారం అండి. పోయిన వీడియో కింద చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు, బ్రిటిష్ వాళ్లు ఆఫ్రికాలో అన్ని దేశాలు పట్టుకున్నారు కదా, అక్కడ గవర్నమెంట్ నడపడానికి డబ్బు ఎక్కడ్నుంచి వచ్చేది, లండన్ వాళ్లు పంపేవాళ్లా లేక అక్కడే వసూలు చేసేవాళ్లా అని. చాలా మంచి ప్రశ్న. యుద్ధాలు, గవర్నర్లు, ఒప్పందాలు అందరూ చెప్తారు గానీ, ఆ గవర్నమెంట్ ఎవరి కోసం నడిచిందో తెలియాలంటే దాని బడ్జెట్ చూడాలి, ఎవరి దగ్గర తీసుకున్నారు, ఎవరికి ఇచ్చారు, అంతే. ఈరోజు దానికి ఒక్క దేశం తీసుకుందాం, న్యాసాలాండ్. ఇప్పటి మలావీ అన్నమాట. గుడిసెకింత అని పన్ను కట్టిన జనం, తమది కాని దేశంలో వేసిన రైలు లైనుకి పూచీ ఎలా పడాల్సి వచ్చిందో చూద్దాం.

ముందు మ్యాప్ చూడండి. ఆఫ్రికాలో తూర్పు వైపు పొడుగ్గా ఒక పెద్ద సరస్సు కనిపిస్తుంది, న్యాసా సరస్సు, దాని ఒడ్డున పడమటి వైపు నుంచి కిందకి దిగిన సన్నటి దేశం ఇది. సముద్రం లేదు. కింద సగం మొత్తం పోర్చుగీసు వాళ్ల మొజాంబిక్ మధ్యలో ఇరుక్కుని ఉంటుంది, కాబట్టి సరుకు బయటికి పోవాలన్నా లోపలికి రావాలన్నా షిరే నది మీద పడవల్లో జాంబేజీ నదిలోకి, అక్కడ్నుంచి సముద్రం దగ్గర చిందే అనే చిన్న పోర్టుకి పోవాల్సిందే. ఈ సముద్రం లేకపోవడం అనేది గుర్తుపెట్టుకోండి, తర్వాత కథంతా దీని మీదే నడుస్తుంది.

1891లో బ్రిటన్ ఇక్కడ ప్రొటెక్టరేట్ పెట్టింది. కాగితం మీద ప్రొటెక్టరేట్ అంటే మా దేశంలో కలుపుకోలేదు, మా రక్షణలో ఉంది అని. ప్రాక్టికల్ గా ఆఫీసర్లు వాళ్లే, కోర్టులు వాళ్లవే, పన్ను వాళ్లదే. మొదటి కమిషనర్ హ్యారీ జాన్‌స్టన్. ఆయనకి లండన్ ట్రెజరీ నుంచి డబ్బు పెద్దగా రాలేదు, ఎందుకంటే అప్పట్లో ట్రెజరీ రూలు ఏంటంటే ఏ ప్రాంతమైనా తన ఖర్చు తనే సంపాదించుకోవాలి, బ్రిటన్ లో పన్ను కట్టేవాడి మీద భారం పడకూడదు. మరి మొదట్లో డబ్బు ఎవరు పెట్టారంటే దక్షిణాఫ్రికాలో వజ్రాల గనులతో కోటీశ్వరుడైన సెసిల్ రోడ్స్ కంపెనీ, బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ, ఏడాదికి 10,000 పౌండ్లు. ఊరికే ఇవ్వలేదండి, జాంబేజీకి ఉత్తరాన కంపెనీ వాటా ప్రాంతాన్ని కూడా జాన్‌స్టనే చూసుకోవాలని ఒప్పందం, పైగా ప్రొటెక్టరేట్ ఉత్తర భాగంలో కంపెనీ చేతికి లక్షల ఎకరాలు వెళ్లాయి. ఒక దేశం గవర్నమెంట్ మొదటి రోజు నుంచే ఒక ప్రైవేట్ కంపెనీ చెక్కు మీద నడిచింది, అది ఎంత తప్పుడు మొదలో ఆలోచించండి.

ఇక్కడ మనకి ఒక లింక్ ఉంది, చాలామందికి తెలీదు. జాన్‌స్టన్ తెచ్చుకున్న మొదటి సైన్యం ఇండియా నుంచి వెళ్లింది, 70 మంది పైచిలుకు, సిక్కులు, ముస్లిం రౌతులు. వాళ్ల కమాండర్ కెప్టెన్ సెసిల్ మగ్వైర్, హైదరాబాద్ కంటింజెంట్ లాన్సర్స్ ఆఫీసర్. హైదరాబాద్ కంటింజెంట్ అంటే గుర్తుంది కదా, నిజాం జీతాలివ్వాలి, కమాండ్ మాత్రం బ్రిటిష్ వాళ్లది, ఆ సైన్యం ఖర్చు బాకీ పడిందనే 1853లో బేరారు నిజాం చేతిలోంచి పోయింది. ఆ మగ్వైర్ 1891 డిసెంబర్ లోనే సరస్సు ఒడ్డున మకంజీరా అనే నాయకుడి మీద దాడికి వెళ్లి చనిపోయాడు. తర్వాత కొన్నేళ్ల పాటు ఒక్కో నాయకుడిని లొంగదీస్తూ పోయారు, బానిసల వ్యాపారం ఆపడానికి అని చెప్పారు, అందులో నిజం ఉంది, కొందరు నాయకులు నిజంగానే బానిసల వ్యాపారం చేశారు, కానీ లొంగిన ప్రతి చోటా దాని వెనకాలే గుడిసె పన్ను కూడా వచ్చేసింది, ఈ రెండో ముక్క చెప్పకుండా వదిలేస్తే కథ సగమే చెప్పినట్టు.

హట్ టాక్స్. లెక్క చాలా సింపుల్, ప్రతి గుడిసెకి ఏడాదికి ఇంత. మొదట 6 షిల్లింగులు అనుకున్నారు, బ్లాంటైర్ అనే ఊళ్లో ఉన్న స్కాటిష్ మిషనరీలు ఇది జనం కట్టలేరని గొడవ చేస్తే 3 షిల్లింగులకి దిగింది. 3 షిల్లింగులంటే ఎంత? అప్పట్లో తెల్లవాళ్ల తోటలో ఒక మనిషి నెలంతా పనిచేస్తే వచ్చే జీతం దాదాపు అంతే. ఇద్దరు భార్యలుంటే ఒక్కో భార్యకి ఒక్కో గుడిసె, అంటే రెండు పన్నులు. ఆదాయం ఎంత అని ఎవరూ అడగరు, పంట పండిందా ఎండిందా అడగరు, గుడిసె ఉందా లేదా, అంతే. మన దగ్గర శిస్తు వసూళ్ల ఘోరాలు తక్కువేం కాదు గానీ అక్కడ కనీసం భూమి, పంట అనే మాటైనా ఉండేది, ఇక్కడ తల దాచుకోవడానికే పన్ను.

ఇంకో విషయం, ఈ పన్ను పెట్టింది ఖజానా కోసం ఒక్కటే కాదు, కూలీల కోసం కూడా. ఇంట్లో జొన్నలు, మొక్కజొన్నలు పండించుకుని తినే మనిషి దగ్గర షిల్లింగులు ఎక్కడుంటాయి, కాబట్టి షిల్లింగు కావాలంటే తెల్లవాడి తోటకి కూలికి పోవాలి. 1901 తర్వాత దీన్ని చట్టంలోనే రాసేశారు, పన్ను రేటు పెంచి, ఏడాదిలో కనీసం నెల రోజులు యూరోపియన్ దగ్గర పనిచేసినట్టు రుజువు చూపిస్తే సగం తగ్గింపు. రుజువు అంటే యజమాని సంతకం పెట్టిన సర్టిఫికెట్. ఆ కాగితం పట్టుకుని మనిషి నడుచుకుంటూ బోమాకి వెళ్లాలి, బోమా అంటే అక్కడ జిల్లా ఆఫీసు, మన కచేరీ లాంటిది. ఇక్కడే అసలు మోసం జరిగేది, నెల పని అయిపోతుంది, దొర సంతకం పెట్టడు, ఫలానా రోజు సరిగ్గా చేయలేదు, ఇంకో వారం చెయ్, ఇంకో రెండు వారాలు చెయ్ అంటాడు, సంతకం లేకపోతే పన్ను డబుల్, కాబట్టి ఆ మనిషి నోరు మూసుకుని చేస్తాడు, ఈలోపు వానలు పడి తన సొంత చేను దున్నే టైం దాటిపోతుంది. పన్ను కట్టలేని వాళ్ల గుడిసెలు తగలబెట్టడం, మగవాళ్లు పారిపోతే వాళ్ల ఆడవాళ్లని పట్టుకెళ్లి డబ్బు తెచ్చేదాకా ఉంచుకోవడం, ఇవి కూడా జరిగాయి. నాకు ఈ భాగం చదివినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

మరి తీసుకున్న డబ్బుతో ఏం చేశారు? సైన్యం, పోలీసు, ఆఫీసర్ల జీతాలు, బోమాలు, జోంబాలో రాజధాని. అది కూడా చాలక లండన్ నుంచి గ్రాంట్ తీసుకునేవాళ్లు, గ్రాంట్ తీసుకున్నంత కాలం ప్రతి ఏడాది బడ్జెట్ అంచనాలు లండన్ ట్రెజరీ ఓకే చేయాలి, అక్కడ కూర్చున్న గుమస్తాకి జోంబా ఎక్కడుందో తెలియకపోయినా పద్దులు కొట్టేసే అధికారం ఉంటుంది. చదువు సంగతి వినండి, స్కూళ్లన్నీ మిషన్లే నడిపేవి, గవర్నమెంట్ మొదటిసారి 1907 ప్రాంతంలో చదువుకి డబ్బిచ్చింది, ఎంతంటే అన్ని మిషన్లకీ కలిపి ఏడాదికి 1,000 పౌండ్లు. మొత్తం దేశానికి. విద్యాశాఖ అనేది పెట్టింది 1926లో. లెజిస్లేటివ్ కౌన్సిల్ ఉండేది, అందులో నామినేట్ అయిన తెల్లవాళ్లే, ఆఫ్రికన్ల తరఫున మాట్లాడ్డానికి ఒక మిషనరీ, అసలు ఆఫ్రికన్ మనిషి ఆ సభలో అడుగుపెట్టింది 1949లో. అప్పటిదాకా గుడిసె పన్ను కట్టిన ఒక్క మనిషికి కూడా ఆ డబ్బు ఎక్కడికి పోతుందో అడిగే కుర్చీ లేదు.

1915 జనవరిలో జాన్ చిలెంబ్వే అనే పాస్టర్ తిరుగుబాటు చేశాడు, ఆయన ఫొటో ఇప్పుడు మలావీ నోట్ల మీద ఉంటుంది. తోటల్లో వెట్టి, పన్ను, పైగా మొదటి ప్రపంచ యుద్ధంలో తమకి సంబంధం లేని గొడవకి మనుషుల్ని పంపడం, ఇవన్నీ కారణాలు. కొద్ది రోజుల్లోనే అణిచేశారు, ఫిబ్రవరి 3న ఆయన్ని కాల్చి చంపారు. చిలెంబ్వే మీద విడిగా ఒక పూర్తి వీడియో చేయాలి, ఇక్కడ రెండు ముక్కల్లో చెప్తే న్యాయం కాదు.

ఇప్పుడు రైలు దగ్గరికి వద్దాం. షిరే నదిలో నీళ్లు తగ్గిపోతూ పడవలు నడవడం కష్టమైపోయింది, అందుకని 1908కి బ్లాంటైర్ నుంచి కింద షిరే నది ఒడ్డున ఉన్న పోర్ట్ హెరాల్డ్ దాకా, తర్వాత 1915కి జాంబేజీ ఒడ్డున చిందియో దాకా రైలు వేశారు. ఇంతవరకు అర్థం ఉంది. తర్వాత వచ్చింది ట్రాన్స్ జాంబేజియా రైల్వే. ఇది జాంబేజీకి అవతలి ఒడ్డు నుంచి మొజాంబిక్ సముద్ర తీరంలో ఉన్న బైరా పోర్టు వైపు, సుమారు 280 కిలోమీటర్లు, మొత్తం పోర్చుగీసు భూమి మీద. న్యాసాలాండ్ లో ఒక్క మీటరు కూడా లేదు. దీని వెనక ఉన్నది లండన్ లో ఉండే లిబర్ట్ ఊరీ అనే ఫైనాన్షియర్, ఆ లైను పోయే ప్రాంతాన్ని ఏలే మొజాంబిక్ కంపెనీలో కూడా ఆయనే పెద్ద తలకాయ. లైను కట్టడానికి బాండ్లు అమ్మాలి, ఎవరూ కొనరు, ఎందుకంటే ట్రాఫిక్ సరిపోదని అందరికీ తెలుసు, అప్పుడు లండన్ లో కలోనియల్ ఆఫీసు ఏం చేసిందంటే, లార్డ్ మిల్నర్ మంత్రిగా ఉన్న టైంలో, సుమారు 12 లక్షల పౌండ్ల బాండ్ల వడ్డీకి న్యాసాలాండ్ గవర్నమెంట్ గ్యారంటీ ఇచ్చేలా ఒప్పించింది. 1922లో లైను ఓపెన్ అయింది. రైల్వేకి లాభం రాకపోతే వడ్డీ న్యాసాలాండ్ కట్టాలి, లాభం సరిపడా రాలేదు, కట్టాల్సొచ్చింది, కట్టడానికి డబ్బు లేదు కాబట్టి లండన్ ట్రెజరీ అప్పు ఇచ్చింది, ఆ అప్పు కూడా న్యాసాలాండ్ ఖాతాలోనే రాశారు.

ఈ గ్యారంటీ పద్ధతి మనకి కొత్త కాదు. హైదరాబాద్ లో రైల్వే పేరే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, లండన్ లో షేర్లు కొన్నవాడికి 5 శాతం వడ్డీ నిజాం ఖజానా పూచీ. అప్పట్లో 1883లో చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్, వైపు రైలు వేసే స్కీము మీద లెక్కలు బయటపెట్టాలని హైదరాబాద్ లో గొడవ చేసినందుకే సరోజినీ నాయుడు గారి నాన్నగారు అఘోరనాథ్ ఛటోపాధ్యాయని ఊరు నుంచి బయటికి పంపేశారు. కానీ ఒక తేడా చూడండి, మన రైలు మన నేల మీదే పోయింది, సికింద్రాబాద్ స్టేషన్ ఇవాళ్టికీ మనదే. న్యాసాలాండ్ వాళ్లకి ఆ పట్టాలు కూడా మిగల్లేదు, అవి మొజాంబిక్ లో ఉన్నాయి.

అసలు ఆ రూట్ ఎలా పనిచేసేదో చూడండి. మధ్యలో జాంబేజీ ఉంది, వంతెన లేదు. బైరా నుంచి వచ్చిన సరుకు నదికి ఇవతల మురాసా అనే చోట దించాలి, పడవల మీద ఎక్కించాలి, నది దాటించాలి, చిందియో దగ్గర మళ్లీ దించి ఇంకో రైలు ఎక్కించాలి, వరదలొస్తే అంతా ఆగిపోవడమే. ప్రతి చోటా కూలీ, ప్రతి చోటా చార్జీ. పొగాకు, పత్తి పండించే రైతుకి చివర్లో మిగిలేది ఆ చార్జీలన్నీ పోగా మిగిలిందే. లైను ఓపెన్ అయిన ఆ 1922లోనే తుఫాను వచ్చి చిందే పోర్టుని దెబ్బకొట్టింది, దాంతో పాత నది రూటు కూడా పోయి, ఈ ఖరీదైన రైలు తప్ప వేరే దారి లేకుండా పోయింది.

సరే వంతెన లేకపోవడమే సమస్య కదా, వంతెన కడదాం అన్నారు. 1935లో జాంబేజీ మీద సేనా దగ్గర వంతెన అయింది, 3 కిలోమీటర్ల 600 మీటర్ల పైన, అప్పటికి ప్రపంచంలోనే అతి పొడవైన రైల్వే వంతెనల్లో ఒకటి. ఇంజనీరింగ్ గా అద్భుతం, కాదనను. కానీ కట్టించిన కారణాల్లో ఒకటి బ్రిటన్ లో నిరుద్యోగం, వంతెనకి కావాల్సిన స్టీలు ఆర్డర్లు అక్కడి ఫ్యాక్టరీలకి పని ఇస్తాయని. మొజాంబిక్ లోనే టేటే అనే ఊరి దగ్గర బొగ్గు తవ్వి ఈ దారిన పోతుందని లెక్కలు వేశారు, ఆ స్థాయిలో బొగ్గు రాలేదు. వంతెన కూడా మొజాంబిక్ లోనే ఉంది, అప్పు మాత్రం మళ్లీ న్యాసాలాండ్ మీద. 1930ల చివరికి ఈ దేశం మీదున్న అప్పులో ఎక్కువ భాగం రైల్వేలదే, ఆదాయం ఏదైనా ఏడాది కొంచెం పెరిగినా అందులో వాటా లండన్ ట్రెజరీకి వెళ్లాల్సిందే, ఇక ఆసుపత్రికి, బడికి, రోడ్డుకి ఏం మిగుల్తుంది చెప్పండి.

దీని ఫలితం ఊళ్లల్లో కనిపించింది. ఇక్కడ పని లేదు, పన్ను ఆగదు, కాబట్టి మగవాళ్లు నడుచుకుంటూ దక్షిణ రొడీషియా, అంటే ఇప్పటి జింబాబ్వే, గనులకి, తోటలకి, ఇంకా కిందకి సౌత్ ఆఫ్రికా బంగారు గనులకి వెళ్లిపోయారు. 1935లో గవర్నమెంట్ వేసిన కమిటీనే చెప్పింది, సుమారు 1,20,000 మంది మగవాళ్లు బయట ఉన్నారు, అందులో 30,000 మంది మళ్లీ తిరిగి రానట్టే అని. మొత్తం జనాభా 16 లక్షలు ఉన్న దేశంలో అండి ఇది. పాలమూరు వలసలు, శ్రీకాకుళం వలసలు, గల్ఫ్ వలసలు చూసిన వాళ్లకి ఆ ఊళ్లు ఎలా ఉండుంటాయో నేను చెప్పక్కర్లేదు. ఆ వెళ్లినవాళ్ల జీతంలోంచి కూడా ఇంటి మీద పన్ను తిరిగి ఖజానాకి వచ్చేది, అంటే గవర్నమెంట్ కి కూడా వలస అవసరమైపోయింది.

1938లో న్యాసాలాండ్ ఆర్థిక పరిస్థితి మీద ఒక కమిషన్ రిపోర్టు వచ్చింది, దాని చైర్మన్ సర్ రాబర్ట్ బెల్, బొంబాయిలో ఐసీఎస్ ఆఫీసర్ గా చేసి అక్కడే యాక్టింగ్ గవర్నర్ గా కూడా ఉన్నాయన. రిపోర్టు వచ్చిన మరుసటి ఏడాదే ప్రపంచ యుద్ధం మొదలైంది. 1964 జూలై 6న మలావీకి స్వతంత్రం వచ్చింది, ఆ రోజుకి కూడా కొత్త గవర్నమెంట్ జీతాలు, రోజువారీ ఖర్చులు సొంత ఆదాయంతో పూర్తిగా నడవలేని పరిస్థితి, కొన్నేళ్ల పాటు బ్రిటన్ గ్రాంట్ మీద ఆధారపడాల్సొచ్చింది, 70 ఏళ్లు గుడిసెలకి పన్ను కట్టిన దేశం అది.

ఇదే హట్ టాక్స్ మీద 1898లో సియెర్రా లియోన్ లో ఏకంగా యుద్ధమే జరిగింది, బై బురే అనే నాయకుడు నెలల తరబడి బ్రిటిష్ వాళ్లని ముప్పుతిప్పలు పెట్టాడు. వచ్చే వీడియో దాని మీదే. న్యాసాలాండ్ గురించి ఇంకా ఏమైనా అడగాలంటే కింద రాయండి, ముఖ్యంగా మలావీలో, మొజాంబిక్ లో ఉంటున్న మనవాళ్లు ఎవరైనా ఆ సేనా వంతెన చూసుంటే ఇప్పుడు ఎలా ఉందో తప్పకుండా చెప్పండి.