కన్ను నలిపితే దురద పెరుగుతుందండీ

దాళ్వా (రెండో పంట వరి) కోతలు మొదలయ్యాయంటే మా దగ్గరికి వచ్చే కళ్ల కేసులు మారిపోతాయి. కోత మిషన్ వెనక నిలబడ్డవాళ్లు, మిల్లులో ఊక ఎత్తేవాళ్లు, కొబ్బరి పీచు పనికెళ్లే ఆడవాళ్లు, అందరిదీ ఒకటే మాట: "కళ్లకలకండీ." కలకైతే పుసి కట్టి పొద్దున్నే రెప్పలు అంటుకుపోతాయి, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి పాకుతుంది. రెండు కళ్లూ విపరీతంగా దురద, నీళ్లు కారడం, దానికి తోడు తుమ్ములు... అంటే చాలావరకు అలర్జీయే.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను. తెల్లగుడ్డు మీద, రెప్పల లోపల ఒక పల్చటి పొర ఉంటుంది. అందులో మాస్ట్ కణాలనే రక్షణ కణాలుంటాయి, ఒక్కోదాని నిండా హిస్టమిన్ అనే రసాయనం ఉన్న గుళికలే. అలర్జీ ఉన్నవాళ్లలో ఆ కణాల మీద ఐజీఈ యాంటీబాడీలు (పడని వస్తువుని గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లు) ముందే అతుక్కుని కూర్చుంటాయి. పుప్పొడో, బూజు రేణువో వచ్చి పక్కపక్కనున్న రెండు యాంటీబాడీలను కలిపి పట్టుకుందా, గుళికలు బయటపడిపోతాయి. అంతా నిమిషాల్లోనే. హిస్టమిన్ నరాల మీదున్న హెచ్1 గ్రాహకాలను (హిస్టమిన్ అతుక్కునే చోట్లను) తాకితే దురద, రక్తనాళాలు వెడల్పయితే ఎరుపు. ఆ నాళాల గోడల్లో కణాల మధ్య సందులు తెరుచుకుని, కాలవ గట్టు ఊటెక్కినట్టు నీరు బయటికి వస్తుంది, అదే వాపు. కొందరికి తెల్లగుడ్డు మీది పొరే జెల్లీలా ఉబ్బుతుంది, చూసి ఇంట్లోవాళ్లకి టెన్షన్.

హిస్టమిన్‌ను ఎంజైములు త్వరగానే విరిచేస్తాయి. కానీ ఈలోపే అది పైపొర కణాలను కూడా రెచ్చగొడుతుంది, అవి ఐఎల్-6, ఐఎల్-8 లాంటి, వాపుని పెంచే సంకేత రసాయనాలు వదులుతాయి. మాస్ట్ కణాలు వదిలే మిగతా రసాయనాలూ తోడై, కొన్ని గంటలకి ఇయోసినోఫిల్స్ వగైరా తెల్లకణాలు చేరతాయి. పొద్దున్న పొలంలో తగిలిన దుమ్ముకి రాత్రి కన్ను మండటం అందుకే!

ఇక నలపడం. నలిపితే మాస్ట్ కణాలు ఇంకా గుళికలు వదులుతాయి. ఏళ్ల తరబడి గట్టిగా నలిపే పిల్లల్లో నల్లగుడ్డు పల్చబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బుకి కూడా అవకాశం పెరుగుతుంది. చల్లటి గుడ్డ వేసుకోండి, శుభ్రమైన నీళ్లతో కడగండి. ఓలోపటడిన్ లాంటి చుక్కలు హెచ్1ను అడ్డుకుంటాయి, మాస్ట్ కణాలు గుళికలు వదలకుండానూ ఆపుతాయి, అందుకే డాక్టరు రాసిస్తే పొలానికి వెళ్లే ముందు వేసుకోవడం మేలు. ఎరుపు పోగొట్టే చుక్కలు నాళాలను బిగిస్తాయంతే, మానగానే మళ్లీ ఎర్రబడొచ్చు.

నాకు కోపం తెప్పించేది మందుల షాపులో అడిగి కొనుక్కునే స్టెరాయిడ్ చుక్కలు. వేసిన మర్నాటికే హాయి, అందుకే మానరు. నెలల తరబడి వాడితే కంట్లో ప్రెజర్ పెరిగి నీటికాసులు (గ్లకోమా) రావచ్చు, శుక్లాలూ రావచ్చు, నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. మీ ఇంట్లో సగం వాడి పెట్టిన చుక్కల సీసా ఏదైనా ఉంటే రేపు పట్టుకురండి, మీద పేరు చదివి అందులో ఏముందో చెప్తాను.