ఐకిడో నిజం గొడవలో పనిచేస్తుందా? బీచ్‌లో ఒక స్కెచ్‌పెన్ పరీక్ష

[దృశ్యం: విశాఖ ఆర్‌కే బీచ్, పొద్దున్న ఆరు గంటలు. తడి ఇసుక మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.]

ఈ తెల్ల బనీను నాది. నిన్ననే పూర్ణా మార్కెట్లో కొన్నాను. ఎదురుగా ఉన్నది మా బావ, ఆయన చేతిలో ఉన్నది ఎర్ర స్కెచ్‌పెన్. దాన్ని కత్తి అనుకోండి. బావ పొడుస్తాడు, నేను ఆపాలి. నేను ఐకిడో అనే జపాన్ ఆత్మరక్షణ విద్యను మూడేళ్లు నేర్చుకున్నాను. బావ ఏమీ నేర్చుకోలేదు, గాజువాకలో హార్డ్‌వేర్ షాపు నడుపుతాడు.

[దృశ్యం: బావ నెమ్మదిగా ఒక్క పోటు పొడిచి, చెయ్యి అక్కడే ఉంచుతాడు. మణికట్టు తిప్పగానే ఇసుకలో పడతాడు.]

బాగుంది కదా? దీని పేరు కోతెగాయెషి. మణికట్టును బయటివైపు తిప్పి మనిషిని పడేసే పట్టు. ఇప్పుడు బావతో ఒక్క మాట అన్నాను: "నిజంగా కోపం వచ్చిందనుకో బావా. నేను పట్టుకునేదాకా ఆగకు."

[దృశ్యం: బావ ఎడమ చేత్తో బనీను మెడ దగ్గర పట్టుకుని, కుడి చేత్తో టకటకా పొడుస్తాడు.]

చాలు, చాలు! మరకలు లెక్కపెట్టండి. పొట్ట మీద నాలుగు, చంక కింద రెండు, మెడ దగ్గర ఒకటి. నేను ఒక్కసారి కూడా చెయ్యి పట్టుకోలేకపోయాను. "ఏటి బావా, మూడేళ్లు ఫీజు కట్టింది దీనికేనా?" అని నవ్వుతున్నాడు.

చాలామంది ఇక్కడే ఆగి, ఐకిడో అంతా ఉత్తిదే అని తేల్చేస్తారు. నాకది తొందరపాటు అనిపిస్తుంది. మొదటిసారి పడ్డ బావ రెండోసారి ఎందుకు పడలేదో ముందు చూద్దాం.

[దృశ్యం: పాత జపాన్ బొమ్మలు. నడుముకి కత్తి కట్టుకున్న సమురాయ్.]

ఐకిడోకి రూపం ఇచ్చినవాడు ఉయెషిబా మొరిహెయి. 1883లో పుట్టాడు, 1969లో పోయాడు. ఐదడుగుల పైచిలుకు ఎత్తున్న మనిషి. తకెదా సొకాకు అనే గురువు దగ్గర దైతో ర్యూ అనే జుజుత్సు (ఒట్టి చేతులతో పట్టులు పట్టే పాత జపాన్ విద్య) నేర్చుకున్నాడు. ఆ విద్యల వెనక ఉన్నది కత్తుల లోకం. కత్తి ఉన్నవాడిని ఆపాలంటే ముందు దాన్ని దూయనివ్వకూడదు, అంటే మణికట్టు పట్టుకోవాలి. అందుకే ఐకిడో క్లాసులో మొదటి రోజు నుంచీ ఎవరో ఒకరు మన మణికట్టు పట్టుకునే ఉంటారు.

మరి మన జగదాంబ జంక్షన్లో మణికట్టు పట్టుకునేది ఎవరండీ? బండికి బండి రాసుకుంటుంది. "కళ్లు నెత్తికెక్కాయా?" అంటాడు. దిగి వచ్చి కాలర్ పట్టుకుంటాడు. ఒక తోపు, వెంటనే చెంప మీద ఒకటి. ఒక్కోసారి చేతిలో ఉన్న హెల్మెట్టే ఆయుధం. కొట్టిన చెయ్యి మన కోసం గాల్లో ఆగదు, వచ్చినంత వేగంగా వెనక్కి పోతుంది. పైగా మనకి టెన్షన్. గుండె దడదడలాడుతుంది, చూపు ఇరుకవుతుంది, వేళ్లు వణుకుతాయి. తాళంచెవిని కన్నంలో దూర్చలేని ఆ చేత్తో ఎదుటివాడి మణికట్టు వెతికి, సరైన కోణంలో తిప్పాలి!

అయినా నా దృష్టిలో అసలు లోపం పట్టుల్లో లేదు, సాధనలో ఉంది. ఐకిడోలో పడేవాడిని ఉకె అంటారు. బిగబట్టి ఎదురు తిరిగితే మణికట్టు దెబ్బతింటుంది కాబట్టి ఉకె సహకరిస్తాడు. అది తప్పు కాదు, నేర్చుకునేటప్పుడు అవసరం కూడా. కానీ ఏళ్ల తరబడి సహకరించేవాళ్లనే పడేస్తూ పోతే, పడేసేది నా బలమా, వాళ్ల మర్యాదా అన్నది తెలీకుండా పోతుంది. నేనూ ఆ మత్తులో ఉన్నవాణ్ణే.

[దృశ్యం: జూడో సాధన. ఇద్దరూ ఒకరినొకరు పడేయడానికి గట్టిగా పెనుగులాడుతున్నారు.]

దీనికి విరుగుడు 1882లోనే దొరికింది. జూడో మొదలుపెట్టిన కానో జిగొరో, ప్రమాదకరమైన దెబ్బల్నీ పట్టుల్నీ చాలావరకు పక్కనపెట్టి, మిగిలినవాటిని పూర్తి బలంతో సాధన చేయించాడు. దాన్ని రందోరి అంటారు. ఎవరూ ఎవరి కోసమూ పడరు. కాగితం మీద చూస్తే జూడో మెత్తబడింది. కానీ ఎదురు తిరిగే మనిషిని రోజూ పడేసేవాడి చెయ్యి వేరుగా తయారవుతుంది.

కానో శిష్యపరంపరలోని మయెదా మిత్సుయొ బ్రెజిల్‌ వెళ్లి గ్రేసీ కుటుంబానికి ఈ విద్య నేర్పాడు. ఆ ఇంటి కుర్రాడు రోయిస్ గ్రేసీ, సుమారు 80 కిలోల మనిషి, 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో, రకరకాల పోరాట విద్యలవాళ్లు తలపడ్డ మొదటి అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్‌లో ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీశాడు. ఐకిడోలోనూ ఈ ఆలోచన వచ్చింది. కానోకీ ఉయెషిబాకీ ఇద్దరికీ శిష్యుడైన తొమికి కెంజీ పోటీ సాధన ప్రవేశపెట్టాడు. అందులో ఒకరి చేతిలో మెత్తటి ఉత్తుత్తి కత్తి ఉంటుంది. మా స్కెచ్‌పెన్‌కి అన్నయ్య అనుకోండి.

[దృశ్యం: బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడి విగ్రహం.]

జపాన్ దాకా ఎందుకు, వీరఘట్టంలో పుట్టిన ఈ మల్లుణ్ణి చూడండి. కుస్తీ గోదాలో ఎదుటివాడు మర్యాదకి పడడు. జాతరలో సాము గరిడీ వేరు. కర్ర తిప్పడం కళ్లకు పండగే, కాకపోతే తరవాతి దెబ్బ ఎటు వస్తుందో జోడీకి ముందే తెలుసు. రెండూ మనవే, రెండూ విద్యలే. గోదాలో నేర్చిన ఒడుపు మాత్రం రోడ్డు మీద కూడా చేతికొస్తుంది.

ఐకిడో పనికొచ్చే చోట్లు లేకపోలేదు. టోక్యో అల్లర్ల నిరోధక పోలీసులు యోషింకాన్ అనే ఐకిడో శాఖలో శిక్షణ తీసుకుంటారు. వాళ్ల పని కొట్టడం కాదు, పట్టుకోవడం. పక్కన తోటి పోలీసులుంటారు. పెళ్లిలో మందు ఎక్కువై తూలుతున్న చుట్టాన్ని దెబ్బ తగలకుండా గదిలోకి నడిపించాలన్నా ఈ పట్లే మేలు. మన చట్టం కూడా అదే అంటుంది. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. కత్తి కనపడితే మాత్రం పరుగే. తరవాత 112కి ఫోన్.

ఇక ఈ మూడేళ్లలో నాకు నిజంగా ఉపయోగపడింది ఒకటుంది. ఉకెమి, అంటే పడటం. క్లాసులో దాన్ని చూసి విసుక్కునేవాణ్ణి. ఒక వానాకాలం హనుమంతవాక దగ్గర బండి జారింది. ఆలోచించే టైమే లేదు. గడ్డం గుండెకి ఆనింది, భుజం మీదుగా ఒళ్లు దానంతటదే దొర్లింది. లేచి చూసుకుంటే మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. బండిని బావే షాపు వ్యానులో మెకానిక్ దగ్గరికి చేర్చాడు. దారిలో నన్ను ఎగాదిగా చూసి, "ఆ పడటమేదో నాకూ నేర్పు బావా" అన్నాడు.

[దృశ్యం: బీచ్. బావ జేబులోంచి స్కెచ్‌పెన్ తీసి పక్కన పెట్టి, ఇసుకలో దొర్లడం మొదలుపెడతాడు. మొదటిసారి వంకరగా పోయి అలలో పడతాడు.]